డాక్టరు ముందు మంచిపిల్ల

బస్సులో పక్క సీటులో ఎవరో తల్లి, తన పిల్లకి మెడ నిండా పౌడరు అద్ది, కొబ్బరినూనె కారేలా తల దువ్వి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆ రెండు వాసనలూ కలిసి ముక్కుకి తగిలితే అందరికీ పండగ గుర్తొస్తుందేమో, నాకు మాత్రం ఆసుపత్రి వరండా గుర్తొస్తుంది.

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. ఎనిమిదేళ్ళప్పుడు నాకొచ్చే కోపం ఊరంతటికీ తెలుసు. తోటల్లోంచి జీడిమామిడి పళ్ళ పులిసిన వాసన వీధిలోకి వచ్చే ఎండాకాలంలో, చర్చి వెనక తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఓడిపోయి, ఆ బిళ్ళతోనే ఎదుటిపిల్ల నుదురు పగలగొట్టాను. క్రిస్మస్ పిండివంటకి నాయనమ్మ నూనెలో గులాబీ పువ్వులు వండుతూ మొదటిది నాకివ్వలేదని పళ్ళెం పళ్ళెమంతా నూతిలో పారేశాను. ఎందుకు చేశానో నాకే తెలియదు. చేశాక ఏడుపొచ్చేది, ఆ ఏడుపుని ఎవరూ నమ్మేవారు కాదు. నాయనమ్మ ప్రార్థన చేయించిన నూనె నా నుదుటికి రాసేది. ఎదురింటివాళ్ళు గాలి సోకిందేమో, శ్రీకూర్మం గుడికి తీసుకెళ్ళమన్నారు. బడిలో పంతులమ్మ మాత్రం విశాఖపట్నంలో పిల్లల మానసిక వైద్యురాలు ఉందని చెప్పింది.

పాసింజరు రైల్లో అమ్మ నన్ను రెండుసార్లు తీసుకెళ్ళింది. పెళ్ళివారింటికి తయారుచేసినట్టు చేసేది: తలకి కొబ్బరినూనె, మెడకి పౌడరు, క్రిస్మస్ గౌను, కొత్త రిబ్బన్లు, దారిలో అడిగినన్ని ముంజెలు. డాక్టరమ్మ దగ్గర బుద్ధిగా కూర్చోవాలని, పరువు తీయకూడదని రైలు దిగేదాకా బతిమాలేది. వరండాలో పూటంతా పడిగాపులు కాసి, మా వంతు వచ్చేసరికి నేను చేతులు కట్టుకుని అడిగినదానికల్లా చక్కగా జవాబు చెప్పేదాన్ని. ఇంట్లో ఎలా ఉంటుందని అడిగితే, కాస్త అల్లరి, అంతే అనేది అమ్మ. కూతురికి పిచ్చి అనే పేరు పడిపోతుందని ఆమె భయం. ఎదిగే వయసు, తగ్గుతుందిలే అని డాక్టరమ్మ పంపేసేది. చెప్పకపోతే ఆవిడకు మాత్రం ఏం తెలుస్తుంది? తిరుగు రైల్లో గౌను నలిగేసరికి నేను మళ్ళీ నేనే. నా పంటిగాట్లు పడిన చేతిని అమ్మ కొంగుతో కప్పుకుని కూర్చునేది.

మూడోసారి అమ్మ నాకు తల దువ్వలేదు. ముందురోజు నేను తోస్తే నాయనమ్మ గడప మీద పడి మణికట్టు విరిగింది. అమ్మ నన్ను ఒంటి మీదున్న మాసిన గౌనుతోనే రైలెక్కించింది. డాక్టరమ్మ నవ్వుతూ ఎలా ఉందని అడిగితే, అమ్మ కొంగు తీసి చెయ్యి చూపించింది.

"రెండుమాట్లు మీకు అబద్దం సెప్పినానమ్మా. ఇది ఇంటికాడ ఇలగుండదు. నా కడుపున పుట్టినదాన్ని సూస్తే నాకే బయమేస్తన్నాది."

నేను పక్కనే ఉన్నాను. అంతవరకూ అమ్మకి నా మీద ఉన్నది కోపమే అనుకున్నాను. నా వైద్యం ఆ మాటతోనే మొదలైంది. మాత్రలు, నెలనెలా రైలు, బొమ్మలు ముందు పెట్టి నాచేత మాట్లాడించే ఒకావిడ, నాతో ఎలా మెలగాలో అమ్మకీ పాఠాలు. అలా ఐదారేళ్ళు తిరిగి తిరిగి అమ్మ అరిగిపోయింది.

ఇప్పుడు నాయనమ్మ లేదు. జీడితోటల్లో సగం ఇళ్ళ స్థలాలైపోయాయి, మాత్రలు మానేసి చాలాకాలమైంది, ఆ కోపం కూడా ఎటు పోయిందో పోయింది. మొన్న సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ కాస్త గొంతు పెంచాను. వంకాయలు తరుగుతున్న అమ్మ, తలెత్తకుండానే, కత్తిపీట మడిచి మంచం కిందకి తోసేసింది. నేను చూడనట్టే గొంతు తగ్గించి మాట్లాడాను.