డబ్బాల వ్యాను వెంట కొల్లేటి పక్క ఊరికి

తెల్లవారుజామున మంచు బాగా కురిసింది. సార్వా వరి కోతలైపోయాయి, రెండో పంట దాళ్వా నారుమళ్ళకు నీళ్ళు వదిలారు. ఆ రోజు పని కొల్లేటి పక్కన ఒక ఊళ్ళో ఖాళీ పురుగుమందు డబ్బాలు పోగుచేసి, ప్లాస్టిక్ కరిగించే చోటికి పంపడం. మా జంగారెడ్డిగూడెం వైపు వాటిని తోట గట్టున పోసి కాల్చేస్తారు. ఆ పొగకి మా పక్కింటాయన రెండుసార్లు ఆసుపత్రిలో పడ్డాడు. డబ్బాలు తీసుకెళ్ళే వ్యాను తాడేపల్లిగూడెం నుంచి తిరుగుతోందని విని, మా ఊరికీ రప్పించవచ్చేమో చూద్దామని బయల్దేరాను.

ఐదున్నర బస్సు ఎక్కితే ఏడున్నరకు తాడేపల్లిగూడెం చేరాను. టికెట్టు వంద లోపే. దారిలో ఏమీ దొరకదు కాబట్టి టిఫిను అక్కడే తినేయాలి. వ్యాను డ్రైవరు సత్తిబాబు బస్టాండు బయట ఎక్కించుకున్నాడు. ఉంగుటూరు దాకా హైవే, అక్కడ ఎడమకు తిరిగితే కాలువ గట్టు మీద గంట ప్రయాణం. చేపల చెరువులు వరుసగా కనిపిస్తే కొల్లేరు దగ్గరపడినట్టే.

"నిన్ననే ఆ ఊరోళ్ళకి ఫోన్ చేసి చెప్పేనండి. మూడుసార్లు కడిగి, అడుగున కన్నం పెట్టి ఉంచితేనే తీసుకుంటామని" అన్నాడు సత్తిబాబు.

"కన్నం ఎందుకు?"

"లేకపోతే కడిగేసి మంచినీళ్ళు పోసుకుంటారండి. నేను చూసేను."

తొమ్మిదింటికి ఊరి చివర కళ్ళంలో దిగాం. సూర్రావు గారని పెద్ద రైతు, ఊరందరి డబ్బాలూ అక్కడికే తెప్పించారు. నూట యాభై దాకా ఉంటాయి. ఇంకా తడి ఆరలేదు. లేబుళ్ళు కూడా గీకేసి, కొడవలి మొనతో కన్నాలు పెట్టారు.

"పొద్దున్నే నలుగురం కూర్చుని బోదెలో కడిగేవండీ. మా ఆవిడ పాలగిన్నె కూడా ఇంత తోమదు" అన్నారాయన.

"ఆ మాట ఇంటికెళ్ళి అనండి చూద్దాం" అన్నాడు సత్తిబాబు.

అందరూ నవ్వారు. బోదె అంటే పొలాలకు నీరు పారే చిన్న కాలువ. అది నా పక్కనుంచే పారుతోంది. నాకేమీ తట్టలేదు. ఎంత శుభ్రంగా చేశారో మావాళ్ళకు చూపిద్దామని ఫోటో కూడా తీసుకున్నాను.

సగం డబ్బాలు ఎక్కించేసరికి దిగువ చేల నుంచి ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. పేరు ఏసోబు. ఆయనా, భార్య మరియమ్మా కోసిన చేలల్లో బాతుల్ని మేపుకుంటూ ఊరూరా తిరుగుతారు. మూడు వందల బాతులు. వాటి గుడ్లే వాళ్ళ బతుకు.

"బోదెలో మందెవరు కలిపేరండీ? నా బాతులు మెడలు వాల్చేస్తన్నాయి!"

"మందెవరు కలుపుతారయ్యా, డబ్బాలు కడిగేం, అంతే" అన్నారు సూర్రావు గారు. అంటూండగానే ఆయన మొహం మారిపోయింది.

అందరం పరిగెత్తాం. మరియమ్మ నీళ్ళలో దిగి ఒక్కొక్కదాన్నీ గట్టు మీదికి విసురుతోంది. మేమూ దిగాం. కొన్ని నిలబడలేక పక్కకు ఒరిగిపోతున్నాయి. సత్తిబాబు పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు. ఏ మందో చెబితే దాన్నిబట్టి విరుగుడు చూస్తానన్నాడు డాక్టరు. సత్తిబాబు ఫోను పట్టుకుని కళ్ళం వైపు చూశాడు. అక్కడున్నవి ఊరంతా ఏడాది పొడుగునా కొట్టిన మందుల డబ్బాలు. పేర్లు ఒక్కదాని మీదా లేవు.

"నీళ్ళ దగ్గర్నుంచి తోలెయ్యండి, మంచినీళ్ళు పట్టండి" అన్నాడు డాక్టరు. పట్టాం. ఒంటిగంటకు ఇంకా నిలబడి ఉన్నవి తొంభై ఏడు.

డాక్టరు సలహా మీదే, బోదెకు దూరంగా మెరక మీద గొయ్యి తవ్వాం. సూర్రావు గారు కూడా పార పట్టారు. చూడ్డానికొచ్చిన ఒకడు, "ఇప్పుడే కదా చచ్చేయి, ఓ రెండు కూరకి ఇస్తారా?" అని అడిగాడు.

"పట్టికెళ్ళు బాబూ. గొయ్యి ఇంకొంచెం పెద్దది తవ్విస్తాను" అంది మరియమ్మ. వాడు వెళ్ళిపోయాడు.

వీళ్ళెవరూ నిర్లక్ష్యం మనుషులు కారు. చెప్పినట్టే చేశారు, చెప్పినదానికన్నా ఎక్కువే చేశారు. కడిగిన నీళ్ళు ఎక్కడ పొయ్యాలో సత్తిబాబు చెప్పలేదు, వాళ్ళు అడగలేదు, కళ్ళెదుట కడిగిన తడి చూసి కూడా నేనూ అడగలేదు. మీ ఊరికి ఇలాంటి వ్యాను పిలుచుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. మందు కొట్టిన రోజే డబ్బా కడిగి, ఆ నీళ్ళు స్ప్రేయరు ట్యాంకులోనే పోసి చేలో కొట్టేయాలి, లేబులు ఉంచేయాలి. అప్పుడు కడగని డబ్బాను వ్యాను వచ్చే రోజున కడగొద్దు. మూత బిగించి విడిగా పెట్టి, దాన్నేం చెయ్యాలో వ్యానువాళ్ళనే అడగండి.

మూడింటికి సత్తిబాబు డబ్బాలతో తాడేపల్లిగూడెం వెళ్ళిపోయాడు. నాలుగున్నరకు నేను ఇంటికి బస్సు కోసం ఏలూరు ఆటో ఎక్కాను. ఏసోబు, మరియమ్మ అప్పటికే మిగిలిన బాతుల్ని తోలుకుని దెందులూరు వైపు వెళ్ళిపోయారు.