కెమెరాకు నేర్పిన కన్ను

ఆ ఏడాది సేదరపేట్‌లోని మా మందుల ఫ్యాక్టరీకి కెమెరా మెషిన్ తెప్పించే ప్రాజెక్టు నా చేతికిచ్చారు. ప్రాజెక్ట్ మేనేజర్ అని నా కార్డు మీద అచ్చయి అప్పటికి ఆర్నెల్లు కూడా కాలేదు.

మాత్రలు నింపిన స్ట్రిప్పులు బెల్టు మీద వరసగా వస్తాయి. ఒక గుంటలో మాత్ర లేకపోయినా, విరిగినా, మచ్చపడినా ఆ స్ట్రిప్పును పక్కకు తీసేయాలి. అంతవరకు ఆ పని ఆడవాళ్లు కళ్లతో చూసి చేసేవారు. రెండు షిఫ్టులకీ కలిపి నలభై మంది. మెషిన్ వస్తే ఆరుగురు చాలు.

ఒకరోజు మా జనరల్ మేనేజర్ గది తలుపు మూసి నాతో అన్నారు. "ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియకూడదు. ముందే తెలిస్తే మంచి పనివాళ్లు వెళ్లిపోతారు. మెషిన్ కుదురుకునేలోపు ఆర్డరు పోతుంది. అప్పుడు ఫ్యాక్టరీలో మిగతావాళ్ల గతేంటి?"

ఆయన మాటలో అబద్ధం లేదు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. మాత్రలు చూసే హాల్లో ఎవరైనా అడిగితే, మెషిన్ మీకు సాయంగా వస్తోందని చెప్పమన్నారు. అదే చెప్పాను.

ఆ నలభై మందిలో ఒకామె మా రెడ్డియార్‌పాళయం వీధిలోనే, మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండేది. మాలాగే ఎన్నో తరాల కిందట ఈ తమిళ ఊరికి వచ్చి పాతుకుపోయిన తెలుగువాళ్లు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి అక్క. పద్నాలుగేళ్లుగా ఆ బెల్టు ముందు నిలబడి పనిచేస్తోంది. హాల్లోకి పూలు పెట్టుకుని రాకూడదు కాబట్టి, మల్లెపూలు టిఫిన్ డబ్బా మూతలో దాచుకుని, షిఫ్టు దిగాక జడలో పెట్టుకుని కంపెనీ బస్సెక్కేది. హాలంతా తమిళమే. నేను కనబడితే మాత్రం ఇంటి తెలుగులో పలకరించేది. చుట్టూ ఎవరికీ అర్థం కాదు గనక నాతో ఏదైనా మాట్లాడేది.

మెషిన్ అమ్మిన కంపెనీ నుంచి ఇంజినీరు వచ్చాడు. ఏది మంచి స్ట్రిప్పో ఏది చెడ్డదో కెమెరాకు చూపించి నేర్పాలన్నాడు.

"మీ హాల్లో అందరికన్నా చురుకైన కన్ను ఎవరిది?" అనడిగాడు.

నేను ఆలోచించకుండానే అక్క పేరు చెప్పేశాను. వెంటనే నాలుక కరుచుకున్నాను. అప్పటికే అతను రాసుకున్నాడు.

మూడు వారాలు ఆమె ఒక బల్ల దగ్గర కూర్చుని చెడ్డ స్ట్రిప్పుల్ని ట్రేలుగా విడదీసింది. విరిగినవి ఒకదాంట్లో, మచ్చలవి ఒకదాంట్లో, అంచు పెచ్చులూడినవి ఇంకోదాంట్లో. ఇన్నేళ్లకు కూర్చుని చేసే పని దొరికిందని సంబరపడింది. ఇంజినీరు ఒక్కో ట్రేనూ కెమెరాకు చూపించేవాడు. మొదటి వారం అది సగం తప్పుల్ని వదిలేసింది. రెండో వారం అక్కడొకటీ ఇక్కడొకటీ. మూడో వారంలో ఒకరోజు, ఆమె మంచిదని పక్కన పెట్టిన స్ట్రిప్పులో కెమెరా సన్నటి పగులు పట్టుకుంది.

"చూస్తివా తమ్ముడా, నాకంటే బాగా కనిపెట్టింది," అని ఆమె నవ్వింది.

ఆ శుక్రవారం ఆమె బల్ల దగ్గర్నుంచి లేచి నా పక్కకు వచ్చింది.

"తమ్ముడా, ఒక మాట. కాన్వెంటు హాస్టల్లో ఆయా పని ఉండాదంట. రమ్మంటా ఉండారు. సోమవారంలోగా చెప్పాల. పోయేదా, ఈడనే ఉండిపోయేదా?"

"నీకేమనిపిస్తాంది అక్కా?"

"నాకు ఈడనే బాగుండాది. ఇప్పుడు కూసోని చేసే పని కూడా ఇచ్చినారు గదా. నువ్వు ఉండావు. నీకు తెలీకుండా ఈడ ఏం జరగతాది?"

పక్కనే పదిమంది ఉన్నారు, ఒక్కరికీ మా తెలుగు రాదు. 'పో అక్కా' అంటే సరిపోయేది. బెల్టు చప్పుడులో అది నాలుగు అడుగుల అవతలికి కూడా వినబడదు. నేను మాత్రం, "నీ ఇష్టం అక్కా, ఆలోచించుకో," అన్నాను. ఆమె ఉండమన్నాననే అనుకుని బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆదివారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. వాళ్లాయన మోకాళ్ల నొప్పుల గురించి అడిగాను, ఆమె ఇచ్చిన కాఫీ తాగాను, వచ్చేశాను. సోమవారం ఆమె హాస్టలుకు కబురు పంపింది, రానని.

మెషిన్ తిరగడం మొదలైన రెండు నెలలకు, ఉంచాల్సిన ఆరుగురి పేర్లు రాయమన్నారు. మొదటి పేరు ఆమెదే రాశాను. జనరల్ మేనేజర్ దాని మీద వేలు పెట్టి, "ఈమె స్క్రీన్ మీది ఇంగ్లీషు చదవగలదా?" అన్నారు. ఆమె చదివింది తమిళంలో ఐదో తరగతి. ఆయనే కొట్టేశారు. జాబితాలో లేనివాళ్లని ఒక్కొక్కరినీ పిలిచి తొలగింపు కాగితం చేతిలో పెడుతుంటే నన్ను పక్కన కూర్చోమన్నారు. ఆమె సంతకం చేసి, నావైపు చూడకుండా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాను. ఆమె తమిళంలో అడిగింది. నాతో ఎప్పుడూ తమిళం మాట్లాడిన మనిషి కాదు.

"ఆ శుక్రవారం నేను అడిగినప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

తిట్టలేదు. తర్వాత, "కింద లేబుళ్లు అంటించే హాలుకి కూడా ఇలాంటిది వస్తుందా?" అంది.

ఆ ప్రాజెక్టు డ్రాయింగులు అప్పుడు నా సంచిలోనే ఉన్నాయి.

"వస్తుందక్కా. దీపావళి దాటాక. సగంమంది కూడా మిగలరు."

ఆమె లేచి చెప్పులు వేసుకుంది. ఎక్కడికని అడిగాను. తనతో పనిచేసినామె కురుచికుప్పంలో ఉందని, ఆమె చెల్లెలు ఆ లేబుళ్ల హాల్లోనే చేస్తోందని చెప్పి, బస్‌స్టాపు వైపు నడిచింది. లోపల్నుంచి వాళ్లాయన "ఎవరది?" అని రెండుసార్లు అడిగాడు. నేను వాకిలి తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

మర్నాడు నేను వెళ్లేసరికి గేటు దగ్గర ఆడవాళ్లు గుంపులుగా నిలబడి ఉన్నారు. పది గంటలకు జనరల్ మేనేజర్ పిలిచారు.

"చెప్పింది నువ్వేనా?"

"నేనే."

ప్రాజెక్టు నా చేతిలోంచి తీసేసి నన్ను స్టోర్సుకి వేశారు. లేబుళ్ల హాల్లో ఏడుగురు పండగలోపే వేరే పనులు చూసుకున్నారు. ఆ మేరకు మంచే జరిగిందనుకున్నాను. కానీ చేతులు తగ్గి సరుకు ఆలస్యమైంది, ఆయన భయపడినట్టే ఒక ఆర్డరు పోయింది. దాంతో పెట్టెలు లారీకెక్కించే ఇద్దరిని మాన్పించేశారు. అక్కకు ఆ సంగతి చెప్పేటప్పుడు వాళ్ల గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆ ఇద్దరూ చాలా రోజులు పొద్దున్నే గేటు దగ్గరికి వచ్చి నిలబడేవారు, ఎవరైనా లోపలికి పిలుస్తారేమోనని. నేను స్కూటర్ ఇంజను ఆపి, తోసుకుంటూ వెనక గేటునుంచి వెళ్లేవాణ్ణి.