కుంకుమ పడ్డ ఫ్లాపీలు

ఇందులో ప్రతి అక్షరం నిజమని నూజివీడు చిన్నరసం మీద ఒట్టేసి చెబుతున్నాను. ఆ పండు మీద అబద్ధపు ఒట్టు వేసినవాడికి మరుసటి వేసవంతా పుల్లటికాయలే దక్కుతాయని మా వైపు అంటారు. అంటారని నేనే అంటుంటాను గానీ, ఇంతవరకు ఎవరూ కాదనలేదు. మొన్న విజయదశమికి మా హైదరాబాదు ఆఫీసులో పిల్లలు సర్వర్ గదికి పూజ పెట్టుకున్నారు. ఒకమ్మాయి కుంకుమ భరిణె పట్టుకుని మిషన్ల వైపు నడుస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాను. "బొట్టు తలుపుకి పెట్టమ్మా, లోపల వద్దు" అన్నాను. "సార్‌కి అన్నిటికీ భయమే" అని నవ్వారు. డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌కి జీతం ఇచ్చేదే భయపడ్డానికని చెప్పి నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సయించలేదు.

ఎనభైల్లో, డిగ్రీ అయ్యాక, బెజవాడలో ఆర్నెల్లు కంప్యూటర్ కోర్సు చేసి ఖాళీగా తిరుగుతున్న నన్ను మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, నూజివీడు పిలిపించాడు. ఆయన అక్కడ ఒక షావుకారు గారి మామిడి నర్సరీలో అంటుకట్టే మేస్త్రి. షావుకారు గారు కొత్తగా కంప్యూటర్ కొన్నారు. అది హనుమాన్ జంక్షన్ దాకా లారీలో వచ్చి, అక్కణ్ణించి మెత్తగా గడ్డి పరిచిన ఎడ్లబండిలో పెళ్లికూతురిలా ఊళ్లోకి దిగింది. దాని కోసం నర్సరీ ఆఫీసులో ఒక గదికి ఏసీ పెట్టించారు. ఆ చలిలో మరిచిపోయిన పచ్చికాయ మరుసటి ఉగాది దాకా పండలేదంటే నమ్మండి. జనం చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని, పెట్టెను చూసి వెళ్లేవాళ్లు. పేరుకి నేను ఆపరేటర్ని. నేను చేస్తున్న పనికి డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ అనే పెద్ద పేరుందని పదేళ్ల తర్వాత గానీ తెలియలేదు.

పని ఏమిటంటే చెట్ల చిట్టా. అంటుమొక్క ఎలాంటి కాయ కాస్తుందన్నది దానికి కొమ్మ ఇచ్చిన తల్లిచెట్టును బట్టి ఉంటుంది. చుట్టుపక్కల తోటల్లో అలాంటి తల్లిచెట్లు ఆరొందల పైచిలుకు. ఏది ఏ తోటలో ఉందో, ఏ రకమో, దాని గుణమేమిటో తెలిసిన బుర్ర ఒక్కటే, మావయ్యది. ఆ మావయ్యకి చూపు పోతోంది. ఇక తిరిగి రాదని బెజవాడ డాక్టరు తేల్చేశాడు. "అతని కళ్లు మూతబడేలోపు ఆ చెట్లన్నీ పెట్టెలోకి ఎక్కించవయ్యా" అన్నారు షావుకారు గారు. ఆయన దృష్టిలో అది వ్యాపారం. మావయ్యకి మాత్రం ముప్ఫయ్యేళ్ల బతుకు.

ఏడాది పాటు సైకిల్ నేను తొక్కాను, వెనక క్యారేజీ మీద ఆయన. జి. కొండూరు దాకా మేం తిరగని తోట లేదు. చెట్టు దగ్గరికి చేరగానే ఆయన బెరడు మీద అరచెయ్యి వేసి, ఆకు నలిపి వాసన చూసి, మిగిలిన ఆ కాస్త చూపుతో పైకి చూసేవాడు. "రాసుకో అల్లుడూ. పెద్దరసం. ఏడాది విడిచి ఏడాది కాస్తుంది. కొమ్మ ఉత్తరం వైపుదే కొయ్యాలి. దక్షిణం వైపు కాయ ఉత్త పీచు." నేను చీటీ మీద రాసుకుని, మర్నాడు ఏసీ గదిలో కూర్చుని ఎక్కించి, ఆ చీటీ చింపేసేవాణ్ణి. పెట్టెలో ఉన్నాక ఇంకా కాగితమేంటని నా పొగరు.

ఒకరోజు మిషను ముందు ఆయన్ని కూర్చోబెట్టి, ఆయన చెప్పిన చెట్లన్నీ వరసగా చదివి వినిపించాను. ఆయన ముందుకి వంగి పెట్టెను వాసన చూశాడు.

"దీనికి మామిడి వాసన తెలుసురా?"

"తెలీదు మావయ్యా."

"మరేం తెలుసు?"

"నువ్వు ఒక్కసారి చెప్పింది జన్మలో మర్చిపోదు."

"అయితే మీ అత్తకంటే ప్రమాదమే" అన్నాడు. నవ్వుతూనే పెట్టెను ఒకసారి నిమిరాడు, అచ్చం చెట్టును నిమిరినట్టే.

ఆ దసరా నాటికి చిట్టా పూర్తయింది, ఆయన చూపూ పూర్తయింది. షావుకారు గారు దయతలచి నర్సరీ గుమ్మం దగ్గర కుర్చీ వేయించారు. కొనడానికి వచ్చిన రైతులకి రకాల గురించి చెప్పడం ఇక ఆయన ఉద్యోగం. ఆ పెట్టెలో ఏదీ శాశ్వతంగా ఉండదు, ఉన్నదంతా ఫ్లాపీల మీదే. అసలుదొకటి, నకలొకటి. నల్లటి పల్చటి కవరు, దాని మధ్యలో కోలగా ఒక సందు, ఆ సందులోంచి కనబడే గోధుమరంగు బిళ్ల. అక్షరాలన్నీ ఆ బిళ్ల మీదే ఉంటాయి. ఆయుధపూజకి ఏసీ గదిలోనే అంటుకత్తులు, కొమ్మలు కత్తిరించే సికేచర్లు, నీళ్ల డబ్బాలు వరసగా పేర్చి, పక్కనే ఫ్లాపీలు రెండూ పెట్టాం. నేను కొబ్బరికాయ తేవడానికి వెళ్లి వచ్చేసరికి మావయ్య తడుముకుంటూ అన్నిటికీ తడికుంకుమ బొట్లు పెడుతున్నాడు. గుమ్మంలోంచి నా కళ్లారా చూశాను. ఫ్లాపీలకీ పెట్టేశాడు, సరిగ్గా ఆ సందులోనే.

మర్నాడు పైపైన తుడిచి మిషన్లో పెడితే, రోట్లో ఇసుక పోసి రుబ్బినట్టు చప్పుడు. తీసి రెండోది పెట్టాను. అదే చప్పుడు. తెర మీద ఒక్క చెట్టు లేదు. మళ్లీ తోటలు తిరిగి చెప్పడానికి ఆయనకి కళ్లు లేవు.

షావుకారు గారు వచ్చి ఫ్లాపీ ఎత్తి చూశారు. "ఎవడయ్యా దీనికి బొట్టు పెట్టింది?"

"మావయ్యండీ. కనబడక" అన్నాను.

గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న మావయ్య తల ఇటు తిప్పాడు. "అవునండీ, నేనేనండీ. దేవుడి పని కదా అని..." అన్నాడు.

"గుడ్డివాణ్ణి ఆ గదిలోకి ఎవడు రానిచ్చాడు? రేపట్నించి ఇంటి దగ్గరే ఉండు."

ఆయన లేచి చెప్పుల కోసం నేల మీద కాలితో వెతుక్కుంటుంటే, వాటిని నా కాలితో దగ్గరికి జరిపాను. ఆ రోజు ఆయనకి నేను చేసిన సాయం అదొక్కటే.

నా ఉద్యోగం నిలబడింది. ఏడాది తిరక్కుండా షావుకారు గారి సిఫార్సు ఉత్తరంతో హైదరాబాదులో పెద్ద ఉద్యోగమే వచ్చింది. బయల్దేరే ముందు చెప్పి వెళ్దామని వెళ్లాను. మావయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "మంచిది అల్లుడూ, వెళ్లిరా. అక్కడి పెట్టెలు జాగ్రత్తగా చూసుకో" అన్నాడు. చెట్ల మాట ఎత్తలేదు. నర్సరీ వైపు నుంచి బండి చప్పుడు వినబడితే మాత్రం తల అటు తిరిగేది. రెండు వేసవులు అలా విన్నాడు. మూడోది రాకముందే పోయాడు.

పదకొండో రోజు అత్తయ్య నాకు విస్తరి వేసి, పప్పు వడ్డిస్తూ, ఎవరికీ వినబడకుండా అంది. "ఆ దసరానాడు మీ మావయ్య కట్టిన పంచె నేనే ఉతికాను నాయనా. దాని మీద గానీ, ఆయన గోళ్లలో గానీ ఒక్క కుంకుమ చుక్క లేదు." అని, "నెయ్యి వెయ్యనా?" అంది. వేసింది. తిన్నాను.

కాబట్టి ఒట్టు తప్పాను. కొబ్బరికాయకి వెళ్లడం, గుమ్మంలోంచి చూడడం, రెండూ కల్పించాను. అప్పుడు షావుకారు గారి కోసం కల్పించాను, ఇప్పుడు మీకూ అదే అంటగట్టబోయాను. ఆ వేళ గుమ్మంలో ఉన్నది మావయ్య, గదిలో ఉన్నది నేను. ఆ సందులో వేలు తగలకూడదని కోర్సులో నూరుసార్లు చెప్పారు. దేవుడి బొట్టు వేలి లెక్కలోకి రాదనుకున్నాను. పైగా నకలుకి పెట్టకపోతే అపచారమని దానికీ పెట్టాను. "అన్నిటికీ పెట్టావా అల్లుడూ?" అని ఆయన గుమ్మంలోంచి అడిగాడు కూడా. పెట్టానన్నాను. నిజం చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. వినాల్సినవాళ్లు మాత్రం అన్నేళ్లు ఆగలేకపోయారు.