అమ్మ చేతి మాత్ర

మా తమ్ముడికి నోరు మూసుకోవడమంటే జ్వరం వచ్చినంత బాధ. కిటికీలకు అద్దాలు బిగించే పని వాడిది. నిచ్చెన మీద నిలబడి కూడా కబుర్లు చెప్పేవాడు. ఆ నిచ్చెన మీంచే పడ్డాడు. నడుము నొప్పికని ఇచ్చిన మాత్రలు నొప్పి తగ్గాక కూడా వాణ్ణి వదల్లేదు. వేసుకోకపోతే చెమటలు, వాంతులు, చేతుల వణుకు. వణికే చేతికి అద్దం ఎవరిస్తారు?

పోయినసారి ఈ అలవాటు మాన్పిద్దామని ఆసుపత్రికి తీసుకెళ్తే, పాతవి పూర్తిగా ఆపి, ఒళ్లంతా విరగ్గొట్టే బాధ మొదలయ్యాకే వాటిని మాన్పించే కొత్త మందు వేసుకోవాలన్నారు. వీడు ఆగలేక ముందే వేసుకున్నాడు. ప్రాణం పోయినంత పనైంది. "మళ్లీ ఆ మందు పేరెత్తితే ఈ గడప తొక్కను" అన్నాడు. నేనా వదిలేది? చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, ఇంకో డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను.

ఆవిడ పద్ధతి వేరు. "పాతవి ఇప్పుడే ఆపొద్దు, నేను చెప్పినట్టే వేసుకో. కొత్తది చిన్న ముక్కతో మొదలుపెట్టి మెల్లగా పెంచుదాం. అది ఒంట్లో కుదురుకున్నాక పాతది ఆపేద్దాం" అంది. కొత్తది నాలుక కింద కరిగేదాకా మాట్లాడకూడదట.

"అబ్బ! ఈ మందు మా కోసమే కనిపెట్టారు డాక్టరమ్మా" అన్నాను. వాడు గుర్రుగా చూశాడు.

అయితే మా అమ్మకో అలవాటు ముదిరిపోయింది. వాడి జేబులు, పనిముట్ల సంచీ వెతకడం, దొరికిన మాత్రలు పారబోయడం. పాతవి ఇప్పుడే ఆపకూడదని నేను చెప్పిందంతా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. ఒక సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"కొత్త మందు మింగుతూనే పాతవి దాచుకున్నాడే దొంగవెధవ! అన్నీ తూములో పోసేశా."

"ఎంత పని చేశావే అమ్మా! అవి డాక్టరమ్మ ఇచ్చినవే!"

వాడికి అప్పటికే ముక్కు కారుతోంది, మోకాళ్లు అదురుతున్నాయి. కొత్త మందు ఇంకా ఆ బాధను ఆపేటంత పెరగలేదు. వీధి మలుపులో మాత్రలు అమ్మేవాడు ఎక్కడ నిలబడతాడో మా ఇద్దరికీ తెలుసు. తమ్ముడు లేచి చెప్పులు వేసుకున్నాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"ఎక్కడికిరా?"

"డాక్టరమ్మ దగ్గరికి. ఆ మలుపు దాటే వెళ్లాలి. ఒక్కణ్ణే అయితే అక్కడే ఆగిపోతానక్కా. నువ్వు రా. అమ్మా, నువ్వూ రా."

ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని నడిపించాం. మలుపు దగ్గర వాడు తల ఎత్తలేదు, మేం వదల్లేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. మళ్లీ మాత్రలిచ్చి, వాటిని అమ్మనే దాచి, వేళకు ఇవ్వమంది. అమ్మ చేతులు వెనక్కి లాక్కుంది.

"ఇన్నాళ్లూ వాడి దగ్గర లాక్కున్నదాన్ని, నా చేత్తో నేనెలా పెట్టను తల్లీ?"

"నువ్వే పెట్టు. నా దగ్గరుంటే నాకే నమ్మకం లేదు" అన్నాడు తమ్ముడు.

అమ్మ కళ్లు తుడుచుకుంటూనే పెట్టింది, వేళ తప్పకుండా. కొత్తది పెరుగుతూ వచ్చింది. వాడు మళ్లీ అద్దాల కొట్టుకు వెళ్లడం మొదలుపెట్టాడు. ఒక పొద్దున, నాలుక కింద మందు కరిగేదాకా బుద్ధిగా మౌనంగా కూర్చున్నాడు. అమ్మ అలవాటుగా పాత మాత్రతో చెయ్యి చాచింది. వాడు ఆమె వేళ్లు మెల్లగా మూసేశాడు. వాడి చెయ్యి వణకలేదు.

"ఇవాళ్టి నుంచి ఇది ఆపెయ్యమంది డాక్టరమ్మ. ఇప్పుడు పారబొయ్యమ్మా."