ఎవరి సైకిలు ముందు

అసిరయ్య నా కొట్టు ముందు నిలబడి గేరు సైకిలు కావాలన్న రోజున నాకు ఒళ్ళు మండిపోయింది. కోటబొమ్మాళిలో ముప్పై ఏళ్ళుగా సైకిళ్ళు బాగుచేసుకుని బతుకుతున్నవాణ్ణి. 2015 నాటికి ఊళ్ళో సైకిలు తొక్కేవాళ్ళే కరువైపోయారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే రెండు పంక్చర్లొస్తే గొప్ప. అలాంటి రోజుల్లో యాభై ఏడేళ్ళ మనిషి, అయిదేళ్ళుగా సైకిలు ముట్టనివాడు, వచ్చి గేరు సైకిలంటాడు!

"గేరు సైకిలేటి అసిరన్నా? కాలేజీకెల్తావేటి?" అన్నాను.

అతను నవ్వలేదు. "మెట్ట ఎక్కాల" అన్నాడు.

ఏ మెట్టో నాకు తెలుసు.

అసిరయ్యది సముద్రం ఒడ్డున దిబ్బలపాలెం. పాతికేళ్ళు ఎండుచేపలు అమ్మాడు. ప్రతి గురువారం చీకటి విడకముందే రెండు గంపలు సైకిలుకి కట్టుకుని కొండమీది సంతకు బయలుదేరేవాడు. ఒక్కడే కాదు. చెల్లెలు నీలవేణి మొగుడు గంగులు కూడా తన సైకిలుతో వచ్చేవాడు. నా కొట్టు దగ్గర గాలి కొట్టించుకుని, టీ తాగి, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ వెళ్ళేవారు. తిట్టుకోని రోజు ఏదో జరిగిందని నేను కంగారుపడేవాణ్ణి.

సంతకు ముందు ఒక ఎక్కుడు ఉంది, అసిరయ్య అన్న మెట్ట అదే. అరమైలు ఉంటుందేమో. నిండు గంపలున్న సైకిలుని ఒక్క మనిషి దానిమీద తొయ్యలేడు. అందుకని ఇద్దరూ ఒక సైకిలుని కింద బండరాయికి ఆనించేవారు. ఒకడు హ్యాండిల్ పట్టుకుంటే రెండోవాడు వెనక క్యారేజీకి భుజం ఆనించి, రెండో సైకిలుని పైకి తోసేవారు. దాన్ని పైన నిలబెట్టి, మళ్ళీ ఇద్దరూ కిందకి నడిచొచ్చి రాయికి ఆనించినదాన్ని తోసేవారు. కింద ఉండిపోయిన గంపల మీద కాకులూ కుక్కలూ పడతాయి. కాబట్టి ఎవరి సైకిలు ముందు ఎక్కాలన్నదానికి వంతు ఉండేది. ఒక వారం బావది, ఒక వారం బావమరిదిది.

2010 వానాకాలంలో ఆ వంతు దగ్గరే పేచీ వచ్చింది. అదీ నా కొట్టు ముందే. ఈ వారం నాదంటే నాదని ఇద్దరూ గొంతులు పెంచారు.

"ఒరే ఉమా, పోయినారం ఎవులిది ముందెక్కినాదో నువ్వు సెప్పు" అన్నాడు గంగులు నావైపు తిరిగి.

"నాకేటి తెలుసు? నానేటి మెట్టమీద కాపలా ఉన్నానా?" అని నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకే వినిపిస్తూ ఉంటుంది.

అసిరయ్య తల్లిమీద ఒట్టేసి మరీ తనదే వంతన్నాడు. ఆ రోజు ఎలాగో వెళ్ళొచ్చారు గానీ, దారి పొడుగునా మాటల్లేవట. మరుసటి గురువారం గంగులు ఒక్కడే వచ్చాడు. "నీ బావమరిదేడీ?" అంటే, "ఆడు నేకపోతే నాను ఎక్కలేనా ఏటి?" అన్నాడు. వెనక చక్రానికి గాలి కొట్టింది నేనే.

సగం ఎక్కుడులో పడిపోయాడు. సంతకు వెళ్ళేవాళ్ళు జీపులో దించుకొచ్చారు. గుండె ఆగిపోయిందన్నారు.

ఆ తర్వాత అసిరయ్య తన సైకిలుని పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. నీలవేణి ఇల్లు మూడిళ్ళ అవతల. ఆవిడ అన్నని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేదని నాతో ఎన్నోసార్లన్నాడు. ఆవిడ వాకిలి ముందునుంచి వెళ్ళలేక సముద్రం వైపునుంచి చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాడు. ఒక్కడే వండుకునేవాడు, ఒక్కడే తినేవాడు. అప్పుడప్పుడు ఆటో ఎక్కి వచ్చి నా బల్లమీద ఒక పూటంతా కూర్చుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయేవాడు. నాకు చిర్రెత్తేది. "ఇదేటి రైల్వే స్టేషననుకున్నావేటి?" అని అరిచేవాణ్ణి. రాని వారం మాత్రం రోడ్డు వైపే చూస్తూ ఉండేవాణ్ణి.

అలాంటి మనిషి మెట్ట ఎక్కుతానన్నాడు.

"గేర్లుంటే ఒక్కడూ ఎక్కొచ్చంట గదా" అన్నాడు.

"గంపల్లేకుండా, గేర్లేసుకుని ఎక్కితే దానికీ దీనికీ లెక్కెలాగ కుదురుతాది?"

"నాకు తెల్దురా. రెండో మనిషి నేకుండా ఓపాలి ఎక్కి సూడాల. ఎక్కేసినాననుకో, నానున్నా నేకపోయినా ఒకటేనని నా మనసు ఒప్పుకుంటాదేమో. అయిదేళ్ళయినాదిరా. రేత్రీ పగలూ ఆ మెట్టే కనబడతన్నాది."

కొట్టు మూసి అతనితో శ్రీకాకుళం బస్సెక్కాను.

అక్కడ కొట్లో కుర్రాడు, చొక్కా మడత నలగనివాడు, ముందూ వెనకా స్ప్రింగులున్న ఎర్ర సైకిలొకటి తెచ్చి పెట్టాడు. "మౌంటెన్ బైక్ అంకుల్, రాళ్ళమీద కూడా దూసుకుపోతుంది." అసిరయ్య కళ్ళు దానిమీదే ఉండిపోయాయి. చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది. కానీ సీటు మీద చెయ్యి పెట్టి నొక్కితే జానెడు కిందకి దిగింది.

"అన్నా, ఇది దిగేవోళ్ళకి, ఎక్కేవోళ్ళకి కాదు. తొక్కిన ప్రతిపాలీ నీ బలం ఆ స్ప్రింగు మింగేస్తాది. వెనక స్ప్రింగొద్దు" అన్నాను. కుర్రాడి మొహం మాడింది. మాడనీ.

రెండోది తెచ్చాడు. ఫ్రేము ఎత్తు. అసిరయ్యని సైకిలు మీద కాళ్ళు చెరోవైపూ వేసి నేలమీద నిలబడమన్నాను. కడ్డీ తొడలకి తగులుతోంది. నాలుగు వేళ్ళ ఖాళీ అయినా లేకపోతే రాళ్ళలో ఆగినప్పుడు మనిషి గతేంటి? అదీ వద్దన్నాను. మూడోదానికి డిస్కు బ్రేకులున్నాయి. అవి వంకరపోతే కోటబొమ్మాళిలో నేను చెయ్యగలిగేది ఏమీ లేదు. నిజం ఒప్పుకోవాలి కదా.

చివరికి మూలన దుమ్ముపట్టి ఉన్న నల్లది దొరికింది. చిన్న ఫ్రేము, వెనక గట్టి ఫ్రేమే, చక్రాన్ని పట్టుకునే రబ్బరు బ్రేకులు, గట్లున్న లావు టైర్లు. ముందు మూడు పళ్ళచక్రాలు. వాటిలో చిన్నదాన్నీ, వెనక అన్నిటికంటే పెద్దదాన్నీ కలిపి పెడలు తిప్పి చూపించాను. పెడలు గిర్రున తిరుగుతుంటే చక్రం మెల్లగా కదిలింది.

"నత్తలాగెల్తాది గానీ ఎక్కుతాది. ఇదీ నీ సైకిలు" అన్నాను.

అసిరయ్య దాని చుట్టూ తిరిగాడు. "స్టాండేదీ?"

"వీటికి స్టాండులుండవు అంకుల్" అన్నాడు కుర్రాడు.

"స్టాండు నేకపోతే ఎవులు పట్టుకుంటారు?" అని అసిరయ్య నిజంగానే అడిగాడు. కుర్రాడికి అర్థం కాలేదు. నేనే స్టాండు బిగిస్తానని చెప్పి బయటకు తీసుకొచ్చాను.

నెల రోజులు పట్టింది కాళ్ళు అలవాటుపడటానికి. ఆగి ఉన్న సైకిలుకి గేర్లు మార్చేసి గొలుసు ఊడగొట్టుకునేవాడు. "తొక్కుతూ మార్చాల, మార్చాక తొక్కడం కాదు!" అని గొంతు చించుకునేవాణ్ణి. మోకాళ్ళు వాచాయి. సీటు పల్లంగా పెట్టుకోవడం వల్లే అది. రెండు వేళ్ళ ఎత్తు లేపితే తగ్గింది. చూసినవాళ్ళు నవ్వారు. అతనికి పట్టలేదు. మాఘంలో ఒక గురువారం, తెల్లవారుతూనే, నెత్తికి తువ్వాలు చుట్టుకుని బయలుదేరాడు.

నేను వెనకాలే మోపెడ్ వేసుకుని వెళ్ళాను. గొలుసు తెగితే నా పేరు పోతుందని చెప్పాను. అది అబద్ధం. ఒక్కణ్ణే పంపలేకపోయాను, అంతే.

ఎక్కుడు మొదట్లో బండరాయి పక్కన మోపెడ్ ఆపేశాను. ఇప్పుడక్కడ తారురోడ్డు పడింది గానీ ఎక్కుడు మాత్రం అదే. "నువ్వు రాకు" అన్నాడు. చిన్న గేరు వేశాడు. ముందు చక్రం అటూ ఇటూ ఊగింది, పడిపోతాడేమో అనుకున్నాను. పడలేదు. సగం దాకా వెళ్ళాక ఒక్క క్షణం నెమ్మదించాడు. గంగులు పడిపోయిన చోటు అదే. మళ్ళీ తొక్కాడు. మలుపు తిరిగి కనబడకుండా పోయాడు.

"ఎక్కేసినావన్నా!" అని నేనొక్కణ్ణే కేకేశాను. సిగ్గులేకుండా చప్పట్లు కూడా కొట్టాను.

పది నిమిషాలైంది. మలుపులోంచి మనిషి కనబడ్డాడు. నడిచి వస్తున్నాడు, సైకిలు లేదు. మడమల మీద బరువేసి దిగేవాళ్ళలాగ గబగబా దిగుతున్నాడు. దిగుతూనే నెత్తిమీది తువ్వాలు తీసి నడుముకి బిగించాడు. నన్ను చూడనైనా చూడకుండా నా పక్కనుంచి వెళ్ళి, బండరాయి దగ్గర, రెండు చేతులూ ముందుకు చాపి ఆగిపోయాడు.

"ఏటైనాది? గొలుసు తెగిపోనాదా?"

"నేదు. ఎక్కిపోనాది. స్టాండేసినాను."

"మరి దిగినావేటన్నా?"

అతను రాయి వంక చూశాడు, తన చేతుల వంక చూసుకున్నాడు. "నాది ముందెక్కిపోనాది గదరా" అన్నాడు. "ఇంక ఆడిదే గదా."

అతను రాయి పక్కనే కూలబడి, అయిదేళ్ళలో నేనెప్పుడూ చూడనట్టుగా భోరుమన్నాడు. "ఆ రోజు వంతు ఆడిదేరా ఉమా. నాకు తెలుసు. తెలిసే అమ్మమీద ఒట్టేసినాను. కుక్కలు ముట్టిన సేపలు ఎవులు కొంటారని, నాదే ముందెక్కించుకున్నాను."

పక్కన కూర్చున్నాను. ఎండ రాయిమీదికి వచ్చింది. రెండు ఆటోలు హారను కొట్టుకుంటూ మమ్మల్ని దాటి ఎక్కిపోయాయి.

చాలాసేపటికి మొహం తుడుచుకుని లేచాడు. అటూ ఇటూ చూసి, నా మోపెడ్ వెనక్కి వెళ్ళి క్యారేజీకి భుజం ఆనించాడు.

"పట్టు" అన్నాడు.

దానికి ఇంజినుందనే మాట నా నోటిదాకా వచ్చింది. తాళం తీసి జేబులో వేసుకుని హ్యాండిల్ పట్టుకున్నాను. ఎక్కడా ఆగకుండా ఇద్దరం తోసుకుంటూ ఎక్కాం. పైకి చేరేసరికి అతని సైకిలు రోడ్డు పక్కన ఒక్కటే నిలబడి ఉంది.