గోతం లోపలి కాయ

గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన దగ్గర్నుంచి మిరపఘాటు వస్తోంది. ఎక్కినప్పటినుంచీ ఆయన నా ఒళ్లో ఉన్న ఫైలు వంకే చూస్తున్నాడు. అందులో నా ఒరిజినల్ సర్టిఫికెట్లున్నాయి. నేను దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

"ఇంటర్వ్యూకి పోయొస్తన్నావా అమ్మా?"

చెప్పక తప్పలేదు. కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం. మేనేజరు చదువు గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు. టీ తెప్పించి, ఇక్కడందరం ఒకే కుటుంబమని, రేపు ఒరిజినల్స్ తెచ్చి తన దగ్గర ఉంచితే చాలని అన్నాడు.

"అక్కడ పనిచేసేవాళ్లు ఎట్టా ఉన్నారు?"

"నేను చూడలేదండి."

ఆయన కాళ్ల దగ్గరున్న గోతం మూతి విప్పాడు. పైన ఎర్రగా నిగనిగలాడే మిరపకాయలు. మోచేతిదాకా చెయ్యి దించి గుప్పెడు పైకి తీశాడు. అన్నీ తెల్లబారిన, ధర పలకని తాలుకాయలు.

"పైన మంచియి పరిచింది నేనేనమ్మా. మిర్చి యార్డులో కొనేవోడు లోపలికి చెయ్యి పెట్టాడు. తిప్పి పంపాడు."

అప్పుడు గుర్తొచ్చింది. నేను బయటికి వస్తుంటే తలుపు దగ్గర టైప్ చేస్తున్న అమ్మాయి, "ఒరిజినల్స్ ఇచ్చేశారా అండీ?" అని గొంతు తగ్గించి అడిగింది. రేపిస్తానన్నాను. ఇంకేదో చెప్పబోయి, మేనేజరు గది వైపు చూసి తల దించేసుకుంది. నాకు ఉద్యోగం వచ్చిందని కుళ్లు కాబోలు అనుకున్నాను.

చేబ్రోలులో ఆయన దిగిపోయాడు. పేరైనా అడగలేదు. నా చేతులు ఇంకా ఫైలు మీదే బిగిసి ఉన్నాయి. ఆయనకు అందకుండా అంత భద్రంగా పట్టుకున్నదాన్ని, తెల్లారితే నేనే వెళ్లి ఆ మేనేజరు చేతిలో పెట్టబోయాను.