మూడు గీతల రాయి

దయ్యం కథ మొదలుపెట్టిన మనిషిని మధ్యలోనే ఆపేసే రకం నేను. మస్కట్‌లో, హమ్రియాలో మేముండే బిల్డింగు డాబా మీద ఎవరో నడుస్తున్నారని పై అంతస్తు వాళ్లు గోల చేస్తుంటే, చివరికి నేనే పైకెళ్లి చూశాను. ఊడిపోయిన డిష్ యాంటెన్నా గాలికి గోడకు కొట్టుకుంటోంది. గుడ్డపేలికతో కట్టేసి కిందికొచ్చాను. ఆ రోజు నుంచి ఏ దయ్యమూ నడవలేదు.

నేను స్కూలు బస్సులో ఆయాగా చేస్తాను. ఏడ్చే పిల్లలు, కొట్టుకునే పిల్లలు, దిగమంటే సీటు కింద దూరే పిల్లలు. కనబడేవాళ్లతోనే నా తల ప్రాణం తోకకొస్తుంది, ఇక కనబడని వాటికి భయపడే తీరిక నాకెక్కడిది?

అలాంటి నేను ఇది రాస్తున్నానంటే సరదాకి కాదు. చెబితే కొందరు నవ్వుతున్నారు, కొందరు జాలిపడుతున్నారు. రెండూ నాకు గిట్టవు. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

మా అక్క సత్తవ్వ నాకంటే చాలా పెద్దది. కరీంనగర్ వైపు ఆమె అత్తగారి ఊరు. ఆ ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. బావ అంతకు ముందే పోయాడు. కొడుకు రమేశ్ టౌనులో ఇల్లు కిరాయికి తీసుకుని తల్లిని తన దగ్గరే పెట్టుకున్నాడు. కోడలు మంచిది. తిండికీ బట్టకూ లోటు లేదు. కానీ నీళ్లలో పోయిన ఇల్లు అక్క నోట్లో మాత్రం రోజూ ఉండేది. ఏ పండగకూ ఆ కిరాయి ఇంటి గడపకు పసుపు రాసేది కాదు, కోడల్నీ రాయనిచ్చేది కాదు. మన గడప కాని దానికి పసుపేందని వాదన.

"చిన్నమ్మా, అమ్మ మా ఇంట్ల చుట్టం లెక్క ఉంటున్నది" అని రమేశ్ ఫోన్లో ఏడ్చాడు. అక్కడితో నాకు పట్టుదల వచ్చింది. విజిట్ వీసా తీయించి అక్కను మస్కట్ పిలిపించాను. నాలుగు ఊళ్లు చూస్తే, సముద్రం చూస్తే, ఆ ఇంటిని మరిచిపోయి కొడుకింట్లో స్థిమితంగా కూర్చుంటుందని నా ఆశ. ఆ ఒక్క పని కోసమే పిలిపించాను.

ఏం లాభం! ఏ కోటకు తీసుకెళ్లినా ఆమె చూసింది గడపలూ దర్వాజలే. పాత మస్కట్‌లో చెక్కిన తలుపును చేత్తో నిమిరి, "మా దర్వాజకు గిసొంటి పూలే ఉండె" అంది. నిజ్వా కోటలో శత్రువుల మీద సలసల కాగే ఖర్జూరపు పాకం పోసే సందు చూపించాను. దాని కింద నిలబడి తల పైకెత్తి, "మా వంటింటి పొగగూడు గూడ గిట్లనే ఉండె" అంది. పక్కనున్న తెల్లవాళ్లు ఆమె ఏదో చరిత్ర చెబుతోందనుకుని శ్రద్ధగా విన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

చివరికి గుట్ట దారి పట్టించాను. చలికాలంలో శుక్రవారాలు మేము కొంతమంది ఆడవాళ్లం మస్కట్‌లోనే రియామ్ పేట నుంచి మత్రా పేటకు కొండల మీదుగా నడుస్తాం. సముద్రం పక్కన రోడ్డు పడక ముందు మనుషులూ గాడిదలూ నడిచిన పాత దారి అది. రియామ్ పార్కు వెనక నిలువుగా ఎక్కి, పైనుంచి ఓడలు చూసుకుంటూ, వాగులోకి దిగి, ఒక పాడుబడ్డ పల్లె దాటితే మత్రా ఇళ్ల వెనక తేలతాం. దారి తప్పకుండా రాళ్ల మీద పసుపు, తెలుపు, ఎరుపు గీతలు వేశారు. ఆ గీతలు పట్టుకుని పోతే చిన్నపిల్లలైనా చేరతారు.

మా ఆయన వద్దనే అన్నాడు. "వదినె మోకాళ్లు జూసినవా? గుట్టలెక్కిస్తవా?" అని సణిగి, మమ్మల్ని రియామ్‌లో దింపి, అవతల మత్రాలో కారుతో ఉంటానని వెళ్లాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు గుట్ట మీది గుడికి నడిచి వెళ్లేటప్పుడు దారి పక్కన రాయి మీద రాయి పేరుస్తారు. అలా పేరిస్తే సొంత ఇల్లు అవుతుందని నమ్మకం. ఒమన్ గుట్టల్లో రాయి మీద రాయి ఉందంటే దారి ఇటు అని అర్థం. ఎక్కడపడితే అక్కడ పేరిస్తే వెనక వచ్చేవాళ్లు లోయలో పడతారు. ఇది అక్కకు రియామ్ మెట్ల దగ్గరే నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. వింటేగా! ఎక్కుతున్నంతసేపూ వంగి రాళ్లు ఏరడం, నేను చెయ్యి పట్టి లాగడం, ఇదే సరిపోయింది.

పాడుబడ్డ పల్లె అన్నాను కానీ అక్కడ పల్లెంటూ ఏమీ లేదు. కప్పుల్లేని రాతి గోడలు, చాలావరకు నడుము ఎత్తువి. నీళ్లు పారిన పాత కాలువ, అదీ ఎండిపోయి ఉంది. ఆ ఏడు వానల్లేవు. పైనుంచి దిగుతూ చూశాను, వాగులో మడుగు కూడా అడుగు బీటలువారి ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నేను షూ లేసు కట్టుకుని తలెత్తేసరికి అక్క ఒక గోడ పక్కన మూడు రాళ్లు పేర్చేసింది. పైన పెట్టిన రాయి చూసి అదిరిపడ్డాను. పసుపు, తెలుపు, ఎరుపు గీతలు! పొత్రం అంత రాయి. పసుపు గీత మధ్యలో పెచ్చు ఊడి విరిగినట్టుంది.

"గిది దారి రాయి గదనే అక్కా! ఏడికెల్లి తెచ్చినవ్?"

"గాడ పడున్నది. సక్కగున్నదని తెచ్చిన."

"దాన్ని జూసుకుంటనే జనం నడుస్తరు. తెచ్చిన కాడ పెట్టిరా."

ఆమె ఆ రాయిని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుంది. "నీకు ఇల్లున్నది గన్క గిట్ల మాట్లాడుతవ్" అంది. హమ్రియాలో రెండు గదుల కిరాయి కొంప నాది! నా నోరు ఆగలేదు.

"నీ ఇల్లు పోయింది. నీళ్లల్ల పోయింది. రాళ్లు పేరిస్తె రాదు!"

"పోలే" అంది అక్క, కోపం లేకుండా. "ఆడనే ఉన్నది. నేనే పోతలేను."

అప్పుడే మా ఆయన ఫోన్. పార్కింగ్ దొరకలేదట, ఎంతసేపట. పక్కకు తిరిగి ఆయన మీద కూడా అరిచి, ఫోన్ పెట్టేసి చూస్తే అక్క లేదు.

రాయి తెచ్చిన చోట పెట్టడానికి వెళ్లిందనుకున్నాను. వెళ్లి చూస్తే రాయి పెకలించిన గుంట ఉంది, అక్క లేదు. పిలిచాను. బస్సులో పిల్లల్ని పిలిచినట్టు గొంతు చించుకుని పిలిచాను. ప్రతి గోడ వెనకా చూశాను. దాక్కోవడానికి అక్కడేముంది? ఒక్క ఇంటికి మాత్రం దర్వాజ రాళ్లు, గడప నిలిచి ఉన్నాయి. అందులోకీ తొంగి చూశాను. నాలుగు గోడలు, దుమ్ము, ఒక ఎండు ముళ్లకంప. మత్రా వైపు నుంచి ఇద్దరు ఫిలిప్పీన్ అమ్మాయిలు ఎక్కుతూ వచ్చారు. చీర కట్టుకున్న ఆవిడ కనబడిందా అంటే, దారిలో ఎవరూ లేరన్నారు. ఎండ ఎక్కుతోంది. ఆమె ఫోనూ, నీళ్ల సీసా నా సంచిలోనే ఉన్నాయి. రమేశ్‌కు ఏమని చెప్పాలి?

ఆ అమ్మాయిలు దాటిపోయాక, నేను తొంగి చూసిన ఆ ఇంట్లోంచే అక్క బయటికొచ్చింది.

నడుము దాకా తడిసి ఉంది. చీర కుచ్చిళ్లు కాళ్లకు అతుక్కుపోయి నీళ్లు కారుతున్నాయి. అంచంతా నల్లటి ఒండ్రు. చేతుల్లో రాయి లేదు.

"ఏడికి పోయినవే? గొంతు పోయేటట్టు ఒర్రుతున్న!"

"ఇంటికి" అంది.

"రాయేదీ?"

"గడప మీద పెట్టిన. ఒండ్రు బాగ జేరింది చెల్లె. కాలు పెడితె మోకాలు దాక దిగవడ్డది."

ఆమెను పక్కకు తోసి లోపలికి చూశాను. నేల పొడిగా ఉంది. దుమ్ములో ఒక్క అడుగు జాడ లేదు. నీటి చుక్కలు గడప దగ్గర మొదలై ఇటువైపుకే ఉన్నాయి. వాసన మాత్రం నేను ఎరిగినదే. ఎండాకాలం చెరువు అడుగు వాసన. దానిలో సముద్రపు ఉప్పు లేదు.

మత్రాలో మా ఆయన, "వదినె, సముద్రంల దిగిండ్రా?" అని నవ్వాడు. అక్క కూడా నవ్వి కారెక్కింది. ఇంటికొచ్చి ఆ చీర నేనే ఉతికాను. బాత్రూమ్ నేల మీద నల్ల ఒండ్రు మిగిలింది, అందులో చిన్న నత్తగుల్లలు. మా ఆయన్ను పిలిచి చూపించాను. ఏ మడుగులోనో జారిపడి ఉంటుందన్నాడు. మడుగు ఎండిపోయిందయ్యా అంటే, నువ్వు సరిగ్గా చూసి ఉండవన్నాడు. పిల్లలు దాక్కుంటే సీటు కింద బూటు చూసి పేరు చెప్పేదాన్ని, మడుగులో నీళ్లున్నాయో లేదో చూడలేనా?

తర్వాతి శుక్రవారం ఆయన్ను లాక్కెళ్లి ఆ పల్లె అంతా వెతికించాను. అక్క పేర్చిన కింది రెండు రాళ్లూ గోడ పక్కన అలాగే ఉన్నాయి. గుంట అలాగే ఉంది. గీతల రాయి ఎక్కడా లేదు. ఎండలో తిప్పినందుకు ఆయన దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉన్నాడు.

అక్క వెళ్లేటప్పుడు పెట్టె సర్దింది నేనే. ఖర్జూరాలు, పాలపొడి, టైగర్ బామ్, మనవరాలికి గౌన్లు. అందులో రాయి లేదు. పొత్రమంత రాయి చేతి సంచిలో దాగేదీ కాదు.

వెళ్లిన కొద్ది రోజులకే రమేశ్ ఫోన్ చేశాడు. "చిన్నమ్మా, ఏం మంత్రమేసినవే! అమ్మ పొద్దుగాల్నే లేచి గడపకు పసుపు రాసింది. ఇల్లంత కలెదిరుగుతున్నది." నేను పొంగిపోయాను. కోటలు చూపించడం పనిచేసిందని మా ఆయన ముందు గొప్పలు కూడా పోయాను.

ఆ ఎండాకాలం ప్రాజెక్టులో నీళ్లు బాగా తగ్గాయి. మునిగినప్పటి నుంచీ ఊరు నీళ్ల కిందే ఉంది, అప్పుడే మొదటిసారి తేలింది. జనం ఎవరి ఇళ్లు వాళ్లు చూసుకోవడానికి వెళ్లారు. రమేశ్ కూడా వెళ్లి నాకు ఫొటోలు పంపాడు. కూలిన గోడలు, బురద, మోడు చెట్లు. ఒక ఫొటోలో వాళ్ల ఇంటి గడప, దాని మీద ఒండ్రు పట్టిన రాయి. దాన్ని చేత్తో సగం తుడిచినట్టున్నాడు. పసుపు, తెలుపు, ఎరుపు గీతలు. పసుపు గీత మధ్యలో పెచ్చు ఊడి ఉంది.

"గీ రంగుల రాయి మన గడప మీద ఎవలు పెట్టిండ్రు చిన్నమ్మా? సర్వేటోళ్లా?" అని రాశాడు.

సర్వేవాళ్లే అయి ఉంటారని మా ఆయన అన్నాడు. సర్వేవాళ్లు రాళ్లకు రంగు వేస్తారు, ఒప్పుకుంటాను. మరి ఆ పెచ్చు? నాతో నడిచే ఒకావిడ, ఈ రోజుల్లో ఫొటోల్లో ఏమైనా చేయొచ్చంది. ఒమన్ మొహమే చూడని రమేశ్‌కు ఆ గీతలు ఎలా తెలుస్తాయి? ఇదే అడిగితే, ఎండ దెబ్బేమో నీళ్లు ఎక్కువ తాగమని సలహా!

ఉండబట్టలేక అక్కకే ఫోన్ చేశాను. "నిజం జెప్పక్కా. గా రాయి ఆడికి ఎట్ల పోయింది?"

"నేనే పెట్టిన గదనే. నీకు గప్పుడే జెప్పిన."

"నీళ్లల్లనా?"

"మా ఇంట్ల పెట్టిన. నీళ్లుంటే ఏంది, లేకుంటే ఏంది? గిప్పుడు మనసు నిమ్మలంగున్నది. పొయ్యి మీద పాలు పొంగుతున్నయ్, ఉంట" అని పెట్టేసింది.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆమె కూడా నాతోపాటు ఒక్కసారి భయపడి ఉంటే నాకు తోడుండేది. ఆమె నెమ్మదిగా ఉంది. కొడుకింట్లో గడపకు పసుపు రాసుకుంటోంది. నేను కోరుకున్నదీ అదే. జరిగింది కూడా. మరి నాకెందుకీ మంట?

ఇప్పటికీ శుక్రవారాలు ఆ దారినే వెళ్తాను. ఆ కప్పు లేని ఇంటి దగ్గర వంగి నేల తడిమి చూస్తాను. పొడిగానే ఉంటుంది. లోపలికి వెళ్లి నాలుగు మూలలూ చూసి వస్తాను. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ గడపను తొక్కకుండా దాటుతున్నానని ఈ మధ్యే గమనించాను. ఎందుకని మాత్రం అడగకండి. నాకే తెలిసి చావడం లేదు.